అరవై లోపు

చివరి ముడి బిగించి, తాడు పట్టుకుని యాకయ్య బస్తాల మీది నుంచి కిందికి జారాడు. కేసముద్రం మార్కెట్టు యార్డులో ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది. ఉప్పలయ్య ఇనుప రాడ్డుతో లారీ టైర్లను ఒక్కొక్కటిగా కొట్టి చూస్తున్నాడు. టైరు పలికే తీరును బట్టి గాలి ఎంత ఉందో అతనికి తెలుస్తుంది. ఎడమవైపు వెనక లోపలి టైరు కొంచెం బొంగురుగా పలికింది. మళ్ళీ కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"నడుస్తది తియ్యి," అన్నాడు యాకయ్య. "నా గుండె గూడ గట్లనే కొట్టుకుంటాంది. ఎవడన్న మారుస్తాండా?"

యాకయ్యకు యాభై దాటాయి. పదిహేనేళ్ళు లారీ నడిపి, కళ్ళు మసకబారాక లైసెన్సు వదులుకుని క్లీనరుగా ఎక్కాడు. ఉప్పలయ్యకు ముప్పై ఎనిమిది. స్టీరింగు అతనిదే అయినా యాకయ్యను 'అన్నా' అనే పిలుస్తాడు.

"ఎక్కన్నా. పన్నెండింటికల్ల వరంగల్ల ఖాళీ అయితే, మూడింటికి మళ్ళ ఈడ ఉండాలె. సేటు రెండో లోడు చెప్పిండు."

"రెండో లోడు, రెండో లోడు. ఇదివరకు మైసమ్మ కాడ ఒక బీడీ పడేది. గీ చుట్టం వచ్చినప్పటి సంది నా బీడీకట్ట ఒడుస్తలేదు."

చుట్టం అని యాకయ్య పేరు పెట్టింది బజరుకు. స్టీరింగు పక్కన, స్పీడు చూపే మీటరు కింద బిగించిన అగ్గిపెట్టెంత నల్ల డబ్బా అది. ముల్లు అరవై దాటితే మోగుతుంది. డబ్బాలో కందిరీగను పెట్టి మూసినట్టు గీపెడుతుంది. ముల్లు మళ్ళీ అరవై లోపుకు దిగేదాకా ఊరుకోదు. వినాయక చవితి అయిన వారానికి సారంగపాణి సేటు హైదరాబాదు నుంచి మెకానిక్కును పిలిపించి తన మూడు లారీలకూ పెట్టించాడు. అంతకు ముందు ఎండాకాలంలో రఘునాథపల్లి దగ్గర ఆయన లారీ ఒకటి బోల్తాపడి డ్రైవరు పోయాడు. ఆ డ్రైవరు భార్య దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజు సేటు అన్నం తినలేదని గుమాస్తాలు చెప్పుకున్నారు. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఆయన స్వయంగా లారీ ఎక్కి ఆ నల్ల డబ్బాకు కుంకుమబొట్టు పెట్టాడు. ఆ బొట్టు ఇంకా మరకలాగా కనిపిస్తూనే ఉంది.

"ఇగ ఫికర్ లేదు ఉప్పలయ్యా," అన్నాడు ఆ రోజు. "ఇది మోగకుండ ఎంతల పోతవో అంతల పో. నిన్ను నేను అడగ, నన్ను దేవుడు అడగడు."

ఆ మరునాటి నుంచే రెండు రోజులకు మూడు ట్రిప్పులు కాస్తా రోజుకు రెండు అయ్యాయి.

మొదటి వారం బజరు చాలాసార్లు మోగింది. మోగినప్పుడల్లా ఉప్పలయ్య ఉలిక్కిపడి కాలు తీసేవాడు. యాకయ్య డబ్బాకు దండం పెట్టి, "వచ్చినవా బావా, కూసో," అనేవాడు. మూడో వారానికి ఉప్పలయ్య కాలికి ఆ హద్దు తెలిసిపోయింది. మీటరు చూడకుండానే ముల్లును యాభై ఏడు, యాభై ఎనిమిది దగ్గర పట్టుకోవడం అలవాటైంది. ఇదివరకు రోడ్డు బాగుంటే డెబ్బై పోయేవాడు. గొర్ల మంద కనిపిస్తే, బడి విడిచిపెట్టే వేళ అయితే ఇరవైకి దిగేవాడు. ఇప్పుడు డెబ్బైలూ లేవు, ఇరవైలూ లేవు. డబ్బా నోరు తెరవకపోతే చాలు, లారీ ఒకే ఊపున పోతోంది. డీజిలు తగ్గిందని సేటు సంతోషించాడు. ఉప్పలయ్యకు కూడా మొదట్లో హాయిగానే ఉండింది. ఆలోచించే పని ఒకటి తగ్గింది.

ఆ రోజు పొద్దు పది దాటుతుండగా లారీ తాళ్ళగూడెం దాటి మైసమ్మ మోరీ వైపు వచ్చింది. అక్కడ రోడ్డు కొద్దిగా కుడికి ఒంగి, కాలువ మీది చిన్న మోరీ దాటి పోతుంది. మోరీ పక్కన మోకాలెత్తు గద్దె, గద్దె మీద పసుపు పూసిన రాయి, రెండు ఎర్రగుడ్డలు. రోడ్డుకు ఎడమ పక్కన ఇంకో చిన్న గూడెం గుడిసెలు, కుడి పక్కన వరి మళ్ళు.

ఆ దారిన తిరిగే లారీ డ్రైవర్లందరికీ అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. గద్దె వంద గజాల దూరంలో ఉండగానే గేరు తగ్గిస్తారు. ఇంకాస్త దగ్గరికి వచ్చాక మళ్ళీ తగ్గిస్తారు. మనిషి నడిచినంత మెల్లగా బండి కదులుతుంటే డ్రైవరు కాలి చెప్పు విడిచి, స్టీరింగును తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాడు. క్లీనరు కిటికీలోంచి ఐదు పైసల బిళ్ళ గద్దె మీదికి విసురుతాడు. హారను ఒక్కసారే కొడతారు. మంగళవారమైతే దిగి ఊదుబత్తి గుచ్చుతారు. మొక్కడానికి నెమ్మదిస్తున్నారో, నెమ్మదించాలి కాబట్టి మొక్కుతున్నారో ఎవరూ ఎన్నడూ ఆలోచించలేదు. ఆ అరనిమిషంలో గూడెం మనుషులు, గొడ్లు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దాటేవాళ్ళు. అదీ ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు.

నెల రోజులకు పైగా ఉప్పలయ్య అక్కడ గేరు తగ్గించడం లేదు. మొక్కడం మాత్రం మానలేదు. పోతూపోతూనే ఎడమ చెయ్యి స్టీరింగుకు తాకించి కళ్ళకద్దుకునేవాడు. లోడు బండిని అంత నెమ్మది చేసి మళ్ళీ ఎత్తుకోవాలంటే ఐదు నిమిషాలు పోతాయి. తల్లి అర్థం చేసుకుంటుందనుకున్నాడు.

ఆ పూట కూడా చెయ్యి తీసి కళ్ళకద్దుకున్నాడు. చెయ్యి దించేసరికి రోడ్డు మధ్యలో ఒక ఆడమనిషి ఉంది. తల మీద సద్ది గిన్నె, చేతిలో కొడవలి. ఆమె లారీ వైపే చూస్తోంది. పరుగెత్తడం లేదు. ఆ మొహంలో భయం లేదు.

బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టాడు. వెనక బస్తాలు ముందుకు తోసుకొచ్చాయి. ఆమె మొహంలోకి భయం అప్పుడు వచ్చింది. తప్పుకోబోయింది. బంపరు ఎడమ మూల ఆమెకు తగిలిన చప్పుడు పెద్దదేమీ కాదు. సద్ది గిన్నె మాత్రం రోడ్డు మీద చాలాదూరం దొర్లుతూ పోయింది. అది ఆగేదాకా అతను ఆ చప్పుడునే విన్నాడు.

బజరు మోగలేదు.

తర్వాత జరిగినవి అతనికి దూరం నుంచి చూసినట్టు గుర్తున్నాయి. మడిలోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకామె, "అవ్వా, ఓ నా అవ్వా," అని కింద కూలబడింది. ఎవరో అతన్ని తలుపులోంచి కిందికి గుంజి చెంప మీద కొట్టారు. నొప్పి తెలియలేదు. యాకయ్య అడ్డం వచ్చి, "కొట్టున్రి, తర్వాత ఎంతన్న కొట్టున్రి. ముందుగాల ముసల్దాన్ని దవాఖానకు తీస్కపోయే ఉపాయం జూడున్రి," అని అరిచాడు. అటు వస్తున్న బస్సును ఆపి ఆమెను ఎక్కించారు. ఆమె ఎడమకాలు మోకాలి కింద చీరలోనే వేరే వైపుకు తిరిగి ఉంది. ఉప్పలయ్య వంగి ఆమె భుజాల కింద చేతులు వేశాడు. ఆమె బరువే లేదు. బస్సు కదిలాక తన చేతులు అలాగే ముందుకు చాచి ఉన్నాయని యాకయ్య చెప్పేదాకా అతనికి తెలియలేదు.

లారీని ఠాణా ఆవరణలో పెట్టించారు. సాయంత్రానికి సేటు వచ్చి జామీను ఇచ్చి అతన్ని విడిపించాడు. మర్నాడు పొద్దున బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు. లారీ చుట్టూ తిరిగి బ్రేకులు, లైట్లు, హారను చూశాడు. మోరీ దగ్గరికి పోయి టైర్లు గీరిన మరకలను టేపుతో కొలిచాడు. తర్వాత బజరు వైపు వంగి ముచ్చటపడ్డాడు.

"ఇదేందయ్యా? మన జిల్లాల మొదటిసారి చూస్తున్న."

"మా సేటు పెట్టించిండు సార్," అన్నాడు ఉప్పలయ్య.

"నడువు, చూద్దాం."

ఖాళీ రోడ్డు మీద ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని నడపమన్నాడు. ముల్లు యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. అరవై మీద వెంట్రుకవాసి జరగగానే డబ్బా గీపెట్టింది. ఇన్‌స్పెక్టరు చిన్నపిల్లవాడిలాగా నవ్వాడు. ఇంకో రెండుసార్లు నడపమన్నాడు. మూడుసార్లూ సరిగ్గా అక్కడే మోగింది.

"నిన్న మోగిందా?"

"మోగలే సార్."

"నువ్వు చెప్పినవ్ సరే. క్లీనరు ఏమంటడు?"

వెనక బస్తాల మీద కూర్చున్న యాకయ్య క్యాబిన్ కిటికీలోకి తల దూర్చాడు. "మోగలే సార్. చెవులు మంచిగనే ఉన్నయ్, కండ్లే పోయినయ్. నిన్న అది నోరు తెరువలే."

"గా పొలంల ఆడోళ్ళు గూడ చప్పుడు వినలేదన్నరు. నువ్వెంతల ఉన్నవ్?"

"యాభై ఎనిమిది."

"గుర్తుందా?"

"కాలుకు తెలుసు సార్."

ఇన్‌స్పెక్టరు అట్ట మీద రాసుకున్నాడు. "మరకలు గూడ గంతే చెప్తున్నయ్. హద్దు లోపలే ఉన్నవ్. బ్రేకులు మంచిగున్నయ్. ఆడ బోర్డు లేదు, బడి లేదు. ముసలామె చూడకుండ అడ్డమొచ్చింది." పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "నీ అదృష్టమయ్యా. మీ సేటుకు మొక్కు."

ఉప్పలయ్య తల ఊపాడు. ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. అవి తనవే అని ఒకసారి చూసుకున్నాడు.

అది కార్తీక సోమవారం. ఇంటికి పోయేసరికి భార్య పూలమ్మ ఉపవాసం ఉండి గడప దగ్గర దీపాలు పెడుతోంది. అరటిదొప్పలో వత్తి సరిచేస్తూనే తల ఎత్తి చూసింది.

"ఏమన్నరు?"

"నా తప్పు లేదన్నరు."

ఆమె రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత లేచి కాళ్ళకు నీళ్ళిచ్చింది. "మైసమ్మకు కోడిపుంజును మొక్కుకున్న. నిన్ను బయటేసిందని."

ఉప్పలయ్య చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఆమె గూడ మైసమ్మకు మొక్కేదే కదా. గద్దె ముంగటనే దాటుతాండె."

"ఎవరు?"

"గా అవ్వ."

పూలమ్మ వంగి ఒక దీపంలో నూనె పోసింది. ఉపవాసం విడిచాక అన్నం పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదోది కలుపుతూ ఉండిపోయాడు.

"తిను. నీ తప్పు లేదన్నరు కదా?"

"అన్నరు."

"మరి?"

"ఏం లేదు," అన్నాడు. నిజంగానే అతని లోపల ఏమీ లేదు. దుఃఖమైనా ఉంటే బాగుండేది. దవాఖానలో ఇంజెక్షను ఇచ్చిన పంటి చిగురులా మనసంతా మొద్దుబారి ఉంది.

మూడో రోజు యాకయ్య వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. "దవాఖానకు పోదామా? చూస్తెనన్న నీ మొకం మొకం లెక్క అయితదేమో. గిట్లుంటె మీ కోళ్ళు గూడ బెదురుతానయ్."

"పోతే ఏమనాలె?"

"ఏమనకు. బత్తాయి పండ్లు గొంచవోదాం. ఏం మాట్లాడాల్నో తెల్వనోళ్ళ కోసమే బత్తాయి పండ్లు కాస్తయి."

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద మొగిలమ్మ పడుకుని ఉంది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. దుప్పటి అక్కడ పల్లంగా ఉంది. మంచం పక్కన నేల మీద ఆమె బిడ్డ బక్కమ్మ కొంగు పరుచుకుని కూర్చుంది. ఉప్పలయ్యను చూసి బక్కమ్మ దిగ్గున లేచింది.

"ఎందుకొచ్చినవ్? చూడకుండ దాటిందని రాయించినవట గద! ఇంక రెండోకాలు గూడ గావాల్నా?"

వార్డులో అందరూ ఇటు తిరిగారు. ఉప్పలయ్య పండ్ల సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఊకో బక్కీ," అంది మొగిలమ్మ. గొంతు ఎండిపోయి ఉంది. అతన్ని పరిశీలనగా చూసింది. "నువ్వేనా? నీలం బండి డ్రైవరువు?"

"నేనే అవ్వా."

"అంగి మార్చినవ్, గుర్తుపట్టలే." తల కొద్దిగా ఎత్తి అంది, "చూడకుండ దాటిందంటున్నరు కొడుకా. నాకు కండ్లు లేవా? చూసిన. నీలం బండని చూసే దాటిన."

అతను పండ్ల సంచిని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నాట్లకు బిడ్డ కాడికి వచ్చినప్పుడు నెలరోజులు అటిటు తిరిగిన. నీ బండి రోజు ఆగేది. నువ్వు దండం పెట్టుకునేటోనివి, గీ ముసలాయన పైస ఇసిరేటోడు. మేము దాటిపోయేది. నాట్లయినంక మల్ల ఆ దిక్కే రాలే. మొన్ననే మొదటి రోజు కోతకు పోయిన." ఆమె నాలుకతో పెదవులు తడుపుకుంది. "చెయ్యి తీసి కండ్లకద్దుకున్నవ్. అది గూడ చూసిన. దండం పెట్టుకుంటాండు, ఇగ ఆగుతడు అనుకున్న."

యాకయ్య కిటికీ వైపు తిరిగాడు.

"ఎందుకాగలే కొడుకా?" అని అడిగింది మొగిలమ్మ. అందులో కోపం లేదు. పొద్దున బస్సు ఎందుకు రాలేదని అడిగినట్టు అడిగింది.

ఉప్పలయ్యకు బజరు సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. అరవై అంటే ఏమిటో, లోపు అంటే ఏమిటో.

"ఒక్కటి చేసి పెట్టు," అందామె. "నా చేతిల కొడవలి ఉండె. అది నాది గాదు, గూడెంల ఉండే సమ్మమ్మది. కోతలు నడుస్తానయ్, కొడవలి లేకుంటె ఆమె కూలి ఆగుతది. ఆడనే ఏడనో పడి ఉంటది. ఏరి ఇచ్చేసి పో."

"ఇస్తనవ్వా."

బక్కమ్మ అతని చేతిలోంచి సంచి అందుకుంది. అందుకోవడానికి ఇష్టం లేనట్టే అందుకుంది. బయటికి వచ్చాక యాకయ్య బీడీ వెలిగించబోయి, మూడు పుల్లలు గీసి, ఆపేశాడు.

"నాకు తెలుసు తమ్మీ," అన్నాడు. "నేను గూడ పైస ఇసురుడు మానలే. పోయే బండిలకెళ్ళి ఇసిరేది. యాడ పడ్డదో ఎన్నడు చూడలే."

నాలుగో రోజు పది గంటలకు ఠాణాకు రమ్మన్నారు. హెడ్ కానిస్టేబుల్ రామలింగం మంచి మనిషని పేరు. బల్ల మీద కాగితం, కింద కార్బను, దాని కింద ఇంకో కాగితం సర్దుకుని కూర్చున్నాడు. గోడకు పంతొమ్మిది వందల ఎనభై ఒకటి క్యాలెండరు వేలాడుతోంది. సారంగపాణి సేటు పక్క కుర్చీలో ఉన్నాడు. నుదుట విభూతి, చేతిలో ప్రసాదం పొట్లం. పొద్దున వేయిస్తంభాల గుడికి పోయి వచ్చినట్టుంది. ఉప్పలయ్య చేతిలో రెండు కొబ్బరి ముక్కలు పెట్టాడు.

"కూసో ఉప్పలయ్యా," అన్నాడు రామలింగం. "ఇన్‌స్పెక్టర్ రిపోర్టు వచ్చింది. నీ వాంగ్మూలం ఒక్కటి పడితె అయిపాయె. ఇయ్యాల్నే లారీ ఇడిచిపెడ్త."

"ఆమెకు ఏమన్న వస్తదా సార్?"

"ఏం రావాలె?"

"కాలు పోయింది గద. నష్టపరిహారం."

రామలింగం పెన్ను కింద పెట్టాడు. "చూడు, ఉన్నది చెప్త. నీ తప్పు లేకపోతె బీమా కంపెనీ ఎందుకిస్తది? రాదు. నీ తప్పని ఉంటె కోర్టుకు పోయి అడగొచ్చు, వస్తది. అప్పుడు నీ మీద కేసు నడుస్తది. శిక్ష పడుతదో జుర్మానా పడుతదో జడ్జి ఇష్టం. లైసెన్సు మీద మాత్రం దెబ్బ పడుతది. అది పోతె నువ్వు ఏం జేస్తవ్?"

"బస్తాలు మోస్త."

"ఈ వయసులనా?" అన్నాడు సేటు బాధగా. "ఏం మాటలయ్యా అవి? ఆ ముసలామె గురించే కదా. నేను లేనా? ధర్మం చేస్త. పండుగకు చీరె పెడ్త. నువ్వు హద్దు దాటలే. నేను ఖర్చు పెట్టి, హైదరాబాద్ సంది మనిషిని తెచ్చి పెట్టించిన మిషను. అది మోగలే. ఇంకేం గావాలె?"

ఉప్పలయ్య కొబ్బరి ముక్కలను చూసుకున్నాడు. "అది మంచిదే సేటు. మీ మనసు మంచిది. రఘునాథపల్లి సంగతి నాకు తెలుసు."

"మరి?"

"నాకే సమజైతలేదు," అన్నాడు. మాటలు ఒక్కొక్కటి మూట దించినట్టు దించాడు. "అది లేనప్పుడు నేనే చూసుకునేది. మనిషిని, గొడ్డును, మైసమ్మను. అది వచ్చినంక, అది చెప్తది గదా అని... అది అరవై దాటితెనే చెప్తది. గూడెం వచ్చిందని చెప్పదు. ముసలామె ఉన్నదని చెప్పదు. అది ఊకున్నదని నేను ఊకున్న."

సేటు ఉత్తరీయం సర్దుకున్నాడు.

రామలింగం గొంతు సవరించుకుని పెన్ను అందుకున్నాడు. "సరే. అడిగినదానికి మాత్రం చెప్పు. ఘటన జరిగినప్పుడు బజరు మోగిందా?"

"మోగలే సార్. అందుకే ఆగలే."

రామలింగం రాశాడు. పెన్ను కాగితం మీద కొద్దిసేపే నడిచింది. చుక్క పెట్టి, కాగితాన్ని ఇటు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. "ఈడ సంతకం. సంతకం వస్తదా, వేలిముద్రనా?"

"వస్తది."

ఉప్పలయ్య ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, లారీ నంబరు. చివరి వాక్యం దగ్గరికి వచ్చాడు. 'ఆ సమయమున వేగ సూచిక గంట మ్రోగలేదు.' దాని తర్వాత తెల్లగా ఉంది.

"నేను రెండు మాటలు చెప్పిన సార్. ఒక్కటే ఉన్నది."

"రెండోది అక్కరలేదు. అది నీ మంచికే ఒదిలేసిన," అన్నాడు రామలింగం మెల్లగా.

ఉప్పలయ్య పెన్ను తీసుకున్నాడు. కొబ్బరి ముక్కలు జేబులో పెట్టుకుని, చేతి తడి అంగీకి తుడుచుకున్నాడు. సంతకానికి విడిచిన చోట కాకుండా, ఆ వాక్యం పక్కనే, తెల్లగా ఉన్నచోట రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు పెద్దవిగా వంకరగా పడుతున్నాయి. కార్బను కింది కాగితం మీద కూడా పడాలని గట్టిగా ఒత్తి రాశాడు. 'రోజు ఆగే జాగల ఆగలేదు. నేను ఆగుతనని ఆమె దాటింది.' దాని కింద సంతకం పెట్టాడు.

సేటు తొంగి చదివాడు. ఆయన మొహంలో కోపం కాదు, అర్థంకానితనం కనిపించింది. "ఏం పని జేసినవ్ ఉప్పలయ్యా," అన్నాడు. "నేను నిన్ను కాపాడుదామనుకున్న."

"తెలుసు సేటు," అన్నాడు ఉప్పలయ్య.

రామలింగం కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు చూశాడు. చింపుతాడేమోనని ఉప్పలయ్య ఎదురుచూశాడు. చింపలేదు. కార్బను తీసి, రెండు కాగితాలనూ గుండుసూదితో కలిపి ఫైలులో పెట్టాడు. "పో," అన్నాడు తల ఎత్తకుండా.

ఠాణా వరండాలో యాకయ్య లేచి నిలబడ్డాడు. "ఏమాయె?"

"రాసిన."

యాకయ్య ఏం రాశావని అడగలేదు. "మైసమ్మ మోరీ దిక్కు బస్సు ఇంక పది నిమిషాలల్ల ఉన్నది," అన్నాడు. "నేను రానా?"

"వద్దన్నా. నేనే ఎతుకుత."

బస్సు అతన్ని గూడెం వైపు దించి పోయింది. ఎండ నిలువుగా ఉంది. రోడ్డు మీద టైర్ల మరకలు ఇంకా నల్లగానే ఉన్నాయి. గద్దె చుట్టూ గడ్డిలో ఐదు పైసల బిళ్ళలు అక్కడక్కడ మెరుస్తున్నాయి. గద్దెకు చాలా ఇవతల, రోడ్డు అంచున, మోరీ కింది బురదలో పడినవి కూడా ఉన్నాయి. అవి ఎవరు విసిరినవో అతనికి తెలుసు. జేబులోంచి కొబ్బరి ముక్కలు తీసి తల్లి ముందు పెట్టాడు. ఏమీ కోరుకోలేదు. ఏం కోరాలో తోచలేదు.

కొడవలి అవతలి వైపు ఉంది. వరి మడి గట్టు కింద, ఎండిన గడ్డిలో దాని కొన ఎండకు మెరుస్తోంది.

దాటబోయి ఆగాడు. కేసముద్రం వైపు నుంచి లారీ వస్తోంది. ఎవరిదో తెలియదు. ముందు అద్దం మీద పూలదండ ఊగుతోంది. ఉప్పలయ్య చెవి పెట్టి విన్నాడు. గేరు తగ్గించే చప్పుడు కోసం విన్నాడు. లోడు బండి, మోత ఒకేలా ఉంది. డ్రైవరు ఎడమ చెయ్యి స్టీరింగు మీంచి లేచి కళ్ళ దాకా పోవడం కనిపించింది. ఆగుతాడో ఆగడో ఆ చేతిని చూసి ఉప్పలయ్య చెప్పలేకపోయాడు. పదహారేళ్ళు ఆ సీట్లో కూర్చున్నవాడు రోడ్డు పక్కన నిలబడి చెప్పలేకపోయాడు.

రెండు అడుగులు వెనక్కి వేసి గద్దెను ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు లారీ గేరు మారింది. మళ్ళీ మారింది. మనిషి నడిచినంత మెల్లగా వచ్చి, అతని ముందు దాదాపు ఆగింది. కిటికీలోంచి ఒక బిళ్ళ వచ్చి గద్దె మీద టంగుమని పడింది.

"దాటు పెద్దమనిషీ," అన్నాడు డ్రైవరు. "ఇంక ఎంతసేపు చూస్తవ్?"

ఉప్పలయ్య డ్రైవరు చేతినే చూస్తూ నిలబడ్డాడు. డ్రైవరు దాటమని చెయ్యి ఊపాడు. అప్పుడు అతను కదిలాడు. లారీ ముందు నుంచి, బంపరుకు మూరెడు దూరంలో, ముసలివాడిలా ఒక్కో అడుగు చూసి వేస్తూ దాటాడు. రోడ్డు అవతల వంగి కొడవలి తీసుకున్నాడు. పిడి మీద ఎండిన మట్టిని బొటనవేలితో గీకుతుంటే, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆ చేతులు తనవేనని అతనికి తెలిసింది.